పాత ఇంజనుకు కొత్త పిస్టను

ఎడ్లబండి చక్రము విరిగినప్పుడు రైతు పట్నమునకు పరుగెత్తడు. ఊరి వడ్రంగి పాత ఇరుసును చూచి, దాని లావును తాడుతోనో పుల్లతోనో కొలిచి, దానికి సరిపడునట్లు కొత్త చక్రమును చేసి ఇస్తాడు. ఆ చక్రము ఆ బండికి చక్కగా కుదురును. దానినే తీసి పొరుగువాని బండికి తగిలిస్తే, బిగుసుకొని తిరగక మొరాయించును, లేదా వదులై ఊగును. పూర్వకాలపు యంత్రములన్నియు ఇట్టివే. ప్రతి భాగమును దాని పక్క భాగమును చూచి, అరగదీసి, సరిచేసి అమర్చేవారు.

మోటారు కారు విషయము వేరు. దానిలో ఒక భాగము అరిగిపోతే అంగడికి వెళ్ళి, కారు పేరు, తయారైన సంవత్సరము చెప్పి, కొత్త భాగమును కొని తెచ్చి బిగించవచ్చును. ఈ సౌకర్యము మనకు బాగా అలవాటైపోయినది. అందుచేత ఇది ఎంత శ్రమపడి సాధించినదో మనకు స్ఫురించదు. తొంబది, నూరు సంవత్సరముల నాటి కారును మరల నడిపించ పూనుకొన్న వారికి మాత్రము ఇది మొదటి రోజుననే తెలిసివచ్చును. ఇంజనును విప్పగా నాలుగు పిస్టనులలో ఒకటి పగిలి ఉన్నదనుకొందము. దానిని చేసిన ఫ్యాక్టరీ ఏనాడో మూతపడినది. మిగిలిన మూడింటికి సరిజోడు ఎక్కడ దొరుకును? దొరికినది సరిజోడే అని ఎట్లు నిర్ణయించవలెను? ఈ చిన్న ప్రశ్న వెనుక రెండున్నర శతాబ్దముల చరిత్ర ఉన్నది.

నీటి మూత, జనుపనార

పిస్టనును మన పాఠ్యపుస్తకములలో ముషలకము అంటారు. సిలిండరులో పైకి, క్రిందికి కదలుచు వాయువు ఒత్తిడిని చలనముగా మార్చుట దీని పని. సిలిండరునకు, పిస్టనునకు నడుమ సందు ఎక్కువైతే వాయువు తప్పించుకొని పోవును. సందు లేకపోతే పిస్టను కదలదు. ఈ రెండు కష్టముల నడుమ దారి వెదకుటయే పిస్టను చరిత్ర అంతయు.

1712లో ఇంగ్లండులోని డడ్లీ సమీపమున థామస్ న్యూకొమెన్ నెలకొల్పిన ఆవిరి యంత్రములో సిలిండరు లోపలి భాగము నున్నగా లేదు. అందుచే పిస్టను అంచుకు తోలు అమర్చి, దానిపై నీరు నిలువ చేసేవారు. ఆ నీరే సందును మూసెడిది. జేమ్స్ వాట్ యంత్రమునకు ఈ ఉపాయము పనికిరాలేదు. సిలిండరును ఎల్లప్పుడు వేడిగా ఉంచి, ఆవిరిని వేరొక పాత్రలో చల్లబరచుట వాట్ పద్ధతి. నీరు పోసిన సిలిండరు చల్లబడును. వాట్ 1769లో పేటెంటు పొందినను, గుండ్రముగా తొలిచిన సిలిండరు దొరకక ఆయన యంత్రము సంవత్సరముల తరబడి నిలిచిపోయినది.

ఆ చిక్కును విప్పినవాడు జాన్ విల్కిన్సన్ అను ఇనుప కార్ఖానా యజమాని. ఫిరంగులను తొలుచు యంత్రమునకు ఆయన 1774లో పేటెంటు పొందినాడు. మరుసటి సంవత్సరము, తొలుచు కమ్మికి రెండు చివరల ఆధారము కల్పించి, ఆవిరి యంత్రపు సిలిండరులను తొలిచినాడు. ఏబది అంగుళముల వ్యాసము గల సిలిండరులో తప్పు ఒక పాత షిల్లింగు నాణెపు మందమును మించలేదని వాట్ భాగస్వామి మాథ్యూ బౌల్టన్ 1776లో సంతోషముతో వ్రాసినాడు. ఆనాటికి అదియే గొప్ప ఖచ్చితత్వము. మిగిలిన సందును జనుపనార చుట్టి, కొవ్వు పూసి మూసేవారు.

జనుపనార స్థానములో లోహపు వలయము వచ్చినది 1852లో. రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ ఒకచోట తెగి ఉన్న వలయమును పిస్టను గాడిలో అమర్చినాడు. సిలిండరు వ్యాసము కన్న వలయపు వ్యాసము కొంచెము పెద్దది. లోపల పెట్టినప్పుడు అది ముడుచుకొని, స్ప్రింగు వలె తనంత తాను గోడకు అదుముకొని ఉండును. నేటి కారు ఇంజనులో ఉన్నవి కూడ ఆ జాతి వలయములే. నికొలాస్ ఓటో 1876లో నాలుగు ఘాతముల ఇంజనును తయారు చేయుటకు, కార్ల్ బెంజ్ 1886లో తన మోటారు బండికి పేటెంటు పొందుటకు, ఈ వలయము దారి సుగమము చేసినది.

ఆకురాయి లేని పరీక్ష

తొలినాటి కార్లు కూడ ఎడ్లబండ్ల వంటివే. మేస్త్రీ ఆకురాయి చేతపట్టి, ఎత్తుగా ఉన్నచోట రాచి, ఒక్కొక్క భాగమును దాని పొరుగు భాగమునకు కుదిర్చేవాడు. ఒక కారు పిస్టను అదే నమూనా మరొక కారుకు సరిపోవునను నమ్మకము లేదు.

ఏ భాగమునకైనను మరొక భాగము మారుపడవలెనను కోరిక మొదట ఆయుధశాలలలో పుట్టినది. 1785లో ఫ్రాన్సులో ఓనొరే బ్లాంక్ అను తుపాకుల నిపుణుడు విడిభాగములను కుప్ప నుండి చేతికందినట్లు తీసి తుపాకి మరలను కూర్చి చూపగా, థామస్ జెఫర్సన్ చూచి ఆశ్చర్యపడినాడు. ఈ కోరిక తీరుటకు ముందుగా కొలతలు మెరుగుపడవలెను. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మర చుట్లకు ఒక ప్రమాణమును ప్రతిపాదించినాడు. 1848లో పారిస్‌లో జాన్ లొరాన్ పామర్ స్క్రూగేజీకి పేటెంటు పొందినాడు. నేడు హైస్కూలు ప్రయోగశాలలో తీగ మందమును కొలుచు సాధనము ఇదే. స్వీడనులో కార్ల్ ఎడ్వర్డ్ జొహాన్సన్ 1896లో గేజి దిమ్మెలను ఆలోచించినాడు. నున్నగా సానపట్టిన ఈ ఉక్కు దిమ్మెలు 102 ఉన్నచో, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి సుమారు 20,000 వేర్వేరు కొలతలను పొందవచ్చును.

ఈ కొలతల విద్యను ఆయుధశాలల నుండి మోటారు ఫ్యాక్టరీకి తెచ్చినవారిలో ముఖ్యుడు హెన్రీ లీలండ్. 1843లో జన్మించిన ఈయన అమెరికా అంతర్యుద్ధ కాలములో స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలలోను, పిదప పనిముట్లు చేయు బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థలోను పనిచేసినాడు. 1902లో డెట్రాయిట్‌లో ఏర్పడిన కాడిలాక్ కంపెనీ ఆయన పర్యవేక్షణలో పెరిగినది.

1908లో కాడిలాక్ కార్లకు ఇంగ్లండులో ఒక వింత పరీక్ష జరిగినది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు వారు లండనులో అమ్మకమునకు ఉన్న ఎనిమిది కార్లలో మూడింటిని తామే ఎన్నుకొన్నారు. ఒక్కొక్కదానిలో ఉన్నది ఒకే సిలిండరు. దాని వ్యాసము 5 అంగుళములు, పిస్టను కదలు దూరము 5 అంగుళములు. బ్రూక్‌లాండ్స్ పందెపు బాట వద్ద ఆ మూడింటిని పూర్తిగా విప్పినారు. కారొక్కింటికి 721 చొప్పున 2,163 భాగములు కుప్పగా పడినవి. వాటిని కలగలిపివేసినారు. అంతటితో ఆగక, అందులో 89 భాగములను తీసివేసి, దుకాణములో నిలువ ఉన్న విడిభాగములను వాటి స్థానములో ఇచ్చినారు. తరువాత రెంచీలు, స్క్రూడ్రైవర్ల వంటి మామూలు పనిముట్లతోనే మెకానికులు మూడు కార్లను మరల కూర్చవలెను. ఎక్కడను ఆకురాయి తగలరాదు.

మూడు కార్లు లేచి నిలిచినవి. ఒకదాని రంగు మరొకదానితో కలిసిపోయి అవి విచిత్రముగా కనిపించినవి. కాని ఇంజనులు పనిచేసినవి. ఒక్కొక్కటి ఆ బాటపై 500 మైళ్ళు పరుగెత్తినది. ఫిబ్రవరి 29న మొదలైన పరీక్ష మార్చి 13న ముగిసినది. ఈ విజయమునకు ఆ కంపెనీకి డ్యూయర్ ట్రోఫీ లభించినది. ఒక కారు పిస్టను మరొక కారు సిలిండరులో ఇబ్బంది లేక నడచునని లోకమునకు ఆనాడు రుజువైనది.

ఇనుము పోయి అల్యూమినియము వచ్చుట

ఆనాటి పిస్టనులు పోత ఇనుముతో చేసినవి. సిలిండరు కూడ పోత ఇనుమే కనుక, వేడెక్కినప్పుడు రెండును దాదాపు ఒకే రీతిగా వ్యాకోచించేవి. కాని ఇనుము బరువు. ఇంజను వేగము పెంచిన కొలది ఆ బరువును ప్రతి సారి ఆపి, వెనుకకు మళ్ళించుట కష్టమగును.

1913లో డబ్ల్యు. ఓ. బెంట్లీ అను ఆంగ్ల యువకుడు ఫ్రాన్సులోని డి.ఎఫ్.పి. కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు, బల్లమీద కాగితములు ఎగిరిపోకుండ పెట్టిన ఒక వస్తువు ఆయన కంటబడినది. అది చిన్న పిస్టను ఆకారములో పోసిన అల్యూమినియము ముక్క. నిజమైన పిస్టనునే ఈ లోహముతో ఎందుకు చేయరాదను ఆలోచన ఆయనకు కలిగినది. నూటికి 88 పాళ్ళు అల్యూమినియము, 12 పాళ్ళు రాగి కలిపిన మిశ్రలోహముతో చేయించిన పిస్టనులు బాగుగా పనిచేసినవి. మొదటి ప్రపంచ యుద్ధకాలములో ఆయన ఈ అనుభవమును బ్రిటిషు నౌకాదళము వారి విమాన ఇంజనులకు అందించినాడు. యుద్ధము ముగిసిన పిదప, 1919లో, తన పేరుతోనే కార్ల కంపెనీని స్థాపించినాడు.

అల్యూమినియము సాంద్రత ఇనుము సాంద్రతలో సుమారు మూడవ వంతుకు కొంచెము ఎక్కువ. వేడిని బయటికి పంపుటలో ఇనుము కన్న ఇది ఎంతో మేలు. కాని దీనికి ఒక దోషము ఉన్నది. దీని దైర్ఘ్య వ్యాకోచ గుణకము ఇనుముకు సుమారు రెట్టింపు. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును. బెంట్లీ 3 లీటర్ల కారు సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటర్లు. ఇంజను నడచునప్పుడు సిలిండరు గోడ 100 సెంటీగ్రేడు డిగ్రీలు, పిస్టను నడుము 130 డిగ్రీలు వేడెక్కినవనుకొందము. పోత ఇనుప గుణకమును డిగ్రీకి పది లక్షలలో 11 వంతులుగా తీసుకొంటే సిలిండరు 0.088 మిల్లీమీటరు, ఇనుప పిస్టను 0.114 మిల్లీమీటరు పెరుగును. భేదము 0.026 మాత్రమే. పిస్టను అల్యూమినియపుదై, గుణకము 22 వంతులైతే, అది 0.229 మిల్లీమీటరు పెరుగును. భేదము 0.141. అనగా అయిదు రెట్లకు మించినది.

కాబట్టి అల్యూమినియపు పిస్టనుకు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ సందు వదలవలెను. అట్లు వదిలితే ఇంజను వేడెక్కువరకు పిస్టను అటునిటు తట్టుకొని టకటక శబ్దము చేయును. సందు తగ్గిస్తే, వేడెక్కిన తరువాత బిగుసుకొని సిలిండరు గోడను చీరివేయును. ఈ చిక్కును తొలగించుటకు ఎన్నో ఉపాయములు పన్నినారు. కొందరు పిస్టను నడుమును చీల్చి ఉంచినారు. కొందరు వ్యాకోచము అతి స్వల్పమైన ఇన్వారు అను మిశ్రలోహపు పట్టీలను లోపల పోతపోసినారు. సిలికాను కలిపితే వ్యాకోచము తగ్గునని గ్రహించి రాగి స్థానములో దానిని ఎక్కువ వాడసాగినారు. క్రమముగా పిస్టనును గుండ్రముగా కాక, వేడెక్కిన తరువాత గుండ్రముగా అగునట్లు కొంచెము అండాకారముగా చెక్కుట అలవాటైనది.

సరిజోడు అనగా నేమి?

ఇక పాత కారు యజమాని ప్రశ్నకు వత్తము. వ్యాసము సరిపోయినంత మాత్రమున పిస్టను సరిజోడు కాదు.

మొదట సిలిండరునే కొలువవలెను. సంవత్సరముల తరబడి నడచిన సిలిండరు అంతటను సమానముగా అరగదు. పై వలయము ఆగి వెనుకకు మళ్ళు చోట అరుగుదల ఎక్కువ. అచ్చట కందెన నూనె పొర పలుచన, వేడి అధికము. చల్లని ఇంజనును నడిపినప్పుడు గోడపై చేరు తేమ, ఆమ్లములు కూడ ఈ అరుగుదలకు కారణమని బ్రిటనులో 1930 తరువాతి దశాబ్దములో జరిగిన పరిశోధనలు తెలిపినవి. అందుచే పైన, నడుమ, క్రింద, రెండేసి దిశలలో కొలువవలెను. అరుగుదల హెచ్చుగా ఉంటే సిలిండరును మరల తొలిచి, అంగుళములో వేయింట 20, 30, 40 వంతులు పెద్దవైన పిస్టనులను అమర్చుట ఆచారము. దీనినే మన వర్క్‌షాపులలో రీబోరు అంటారు. తెలివైన మేస్త్రీ పిస్టనులు చేతికి వచ్చి, వాటిని కొలిచి చూచిన తరువాతనే సిలిండరును తొలుచును. ముందే తొలిచి, ఆ పరిమాణపు పిస్టను దొరకకపోతే, కోసిన లోహమును తిరిగి అతికించలేడు కదా.

కొలతలు ఏ ఉష్ణోగ్రతలో తీసినారన్నది కూడ ముఖ్యమే. పరిశ్రమల కొలతలకు 20 డిగ్రీలను ప్రమాణముగా గ్రహించవలెనని అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1951లో తన మొట్టమొదటి సిఫారసుగా ప్రకటించినది. విజయవాడలో వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీల వేడిలో 80 మిల్లీమీటర్ల అల్యూమినియపు పిస్టను, ఆ ప్రమాణ ఉష్ణోగ్రత కన్న 0.035 మిల్లీమీటరు పెద్దదై ఉండును. ఇనుప సిలిండరు అందులో సగమే పెరుగును. ఒకదానిని ఎండలోను, మరొకదానిని నీడలోను కొలిస్తే లెక్క తప్పును.

రెండవది పిన్ను కేంద్రము నుండి పిస్టను తల వరకు గల ఎత్తు. ఇది మారితే సంపీడన నిష్పత్తి మారును. పైన చెప్పిన ఇంజనులో ఒక్కొక్క సిలిండరు ఘనపరిమాణము సుమారు 749 ఘనసెంటీమీటర్లు. సంపీడన నిష్పత్తి 5 అనుకొంటే, పిస్టను పైకి వచ్చినప్పుడు మిగులు చోటు 187 ఘనసెంటీమీటర్లు. కొత్త పిస్టను 5 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువైతే ఆ చోటు 162కు తగ్గి, నిష్పత్తి 5.6 అగును. పాత బేరింగులు, పాత కనెక్టింగు రాడ్లు దానిని భరించునా అని ఆలోచించవలెను. వ్యాసము సరిపోయినదను ఆనందములో దీనిని మరచినవారి ఇంజనులో పిస్టను వాల్వులకు తగులుటకూడ కద్దు.

మూడవది పిన్ను లావు, వలయపు గాళ్ళ వెడల్పు. నాలుగవది బరువు. ఇదియే జోడు కుదుర్చుటలో ప్రాణము. బెంట్లీ ఇంజనులో పిస్టను కదలు దూరము 149 మిల్లీమీటర్లు. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు, కనెక్టింగు రాడ్డు వాలును విడిచి లెక్కిస్తే, చివరి స్థానములో పిస్టను త్వరణము గురుత్వ త్వరణమునకు సుమారు 750 రెట్లు. అనగా ఒక పిస్టను తన జోడు కన్న 10 గ్రాములు బరువెక్కువైతే, ఆ కొద్దిపాటి లోహము ప్రతి చుట్టులోను ఏడున్నర కిలోగ్రాముల బరువుతో సమానమైన బలముతో క్రాంకు షాఫ్టును లాగును. క్షణమునకు 50 సార్లు ఈ లాగుడు జరుగుచుంటే ఇంజను వణకక ఏమి చేయును? అందుచేతనే ఫ్యాక్టరీలు కూడ పిస్టనులను తూచి, వరుసలుగా వేరుచేసి, ఒకే వరుసలోని వాటిని ఒక ఇంజనుకు కేటాయించెడివి. మూడు ఇనుప పిస్టనుల నడుమ ఒక అల్యూమినియపు పిస్టనును పెట్టుట సాగని పని అని వేరుగా చెప్పనక్కరలేదు. మార్చదలచితే అన్నింటిని ఒక్కసారిగ మార్చి, సమతౌల్యమును మరల సరిచూడవలెను.

దొరకనప్పుడు

1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు టి నమూనా కార్లు ఒకటిన్నర కోటి. దాని సిలిండరు వ్యాసము మూడు ముప్పాతిక అంగుళములు. ఇన్ని కార్లు తయారైనందున వాటి పిస్టనులను నేటికిని కొత్తగా చేసి అమ్మువారు ఉన్నారు. బెంట్లీ 3 లీటర్ల కార్లు 1,600కు కొంచెము మించి మాత్రమే తయారైనవి. ఆ పాత కంపెనీ 1931లో రోల్స్ రాయిస్ వశమైనది. కారు ఎంత అరుదైనదో దాని విడిభాగము అంత దుర్లభము.

అట్టివారికి మార్గములు మూడు. పాత నిలువలలో వాడని పిస్టనుల కొరకు వెదకుట మొదటిది. వేరొక ఇంజను కొరకు చేసిన పిస్టనులలో వ్యాసము, పిన్ను, ఎత్తు దగ్గరగా ఉన్నవానిని ఎంచి, కొద్దిగా చెక్కి కుదుర్చుట రెండవది. సిలిండరులో లైనరు దిగవేసి దొరికిన పిస్టనుకు తగినట్లు వ్యాసమును మార్చుటయు ఇందులో చేరును. పాత పిస్టనును కొలిచి, నమూనా చిత్రము గీసి, కొత్తగా పోతపోయించి, లేతుపై చెక్కించుట మూడవది. ఖర్చు అధికమైనను జోడు కుదురుటలో ఇదియే నమ్మదగినది.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. ఇనుప పిస్టను ఉన్న కారులో మేలైన అల్యూమినియపు పిస్టను పెట్టిన తరువాత, అది ఆ కాలపు కారే అని చెప్పవచ్చునా? హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో నిజాముల కాలపు 1912 రోల్స్ రాయిస్ ఉన్నది. రోల్స్ రాయిస్ వారు ఆ నమూనాకు అల్యూమినియపు పిస్టనులు వాడినది 1919 నుండి. అట్టి కారు కేవలము వాహనము కాదు. ఆనాటి లోహ విద్యకు సాక్ష్యము. పాత వాహనముల సంఘముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టూరిన్ పత్రము ఈ విషయమున ఒక మధ్యేమార్గమును చూపినది. వాహనమును వాడుకలో ఉంచవచ్చును. కాని మార్పు వీలైనంత స్వల్పమై ఉండవలెను. మార్చిన భాగమును గుర్తించుటకు వీలుండవలెను. ఏమి మార్చినారో వ్రాసి ఉంచవలెను.

ఈ చివరి మాటయే అన్నింటికన్న ముఖ్యమైనది. విడిభాగములు కాలక్రమమున అయిపోవును. ఫ్యాక్టరీలు మూతపడును. కాని వ్యాసము, ఎత్తు, బరువు, మిశ్రలోహము ఇవియని ఎవరైనా వ్రాసి ఉంచితే, నూరేళ్ళ తరువాత కూడ ఆ పిస్టనును మరల చేయవచ్చును. అట్లు వ్రాయనప్పుడు, పాత ఇరుసును చూచి చక్రము చేసిన వడ్రంగి వలె, పగిలిన ముక్కను ముందు పెట్టుకొని మొదటినుండి మొదలిడవలెను. పగిలిన పిస్టను ఏదైనను మెకానికు షెడ్డులో సులభముగా దొరకును. దానిని బడికి తెచ్చి, పైన, క్రింద, పిన్ను వెంబడి, పిన్నుకు అడ్డముగా విద్యార్థుల చేత కొలిపించవచ్చును. పెద్ద పిస్టను స్క్రూగేజీలో పట్టదు. వెర్నియర్ కాలిపర్సు చాలును. గుండ్రముగా కనిపించు వస్తువు గుండ్రముగా లేదని తెలిసిన క్షణమున, అది అట్లెందుకున్నదను ప్రశ్న వారి నోటినుండియే వచ్చును.